పాత చెక్కలో చేవ

తెలుగు ఇళ్ళలో ఒకప్పుడు గోడకు చిలక్కొయ్య ఉండేది. గోడ లేస్తున్నప్పుడే ఒక కొయ్యను లోపలికి జొనిపి, బయటికి మిగిలిన కొసను చిలక ఆకారంలో చెక్కేవారు. కండువా, సంచి, గొడుగు అన్నీ దానికే వేలాడేవి. ఇవాళ గుమ్మం పక్కన గోడకు బిగించే స్టాండు, అంటే పైన చిన్న అర, కింద నాలుగైదు కొక్కేలు ఉండే చెక్క పలక, ఆ చిలక్కొయ్య వంశంలోదే. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ఇళ్ళలో ఈ వస్తువుకు పని ఎక్కువ. అక్కడ అడవికో చేనుకో బయలుదేరే మనిషి వెంట టంగియా అనే గొడ్డలి ఉంటుంది, నీళ్ళు నింపిన తుంబా, అంటే సొరకాయ బుర్ర, ఉంటుంది. ఇప్పుడు వాటి పక్కన హెల్మెట్, బండి తాళం, ఫోను ఛార్జరు కూడా చేరాయి. ఇలాంటి స్టాండును పాత ఇంటి తుక్కు చెక్కతో చేసుకోమంటే, కొత్త చెక్క కొనే స్తోమత లేనివాళ్ళకు చెప్పే సర్దుబాటు మాటగా వినిపిస్తుంది. ఈ అధ్యాయం వాదన అది కాదు. బస్తర్ లాంటి వాతావరణంలో, ఈ పనికి, అదే ఊళ్ళో నలభై ఏళ్ళు ఇంట్లో ఉన్న చెక్క కొత్త చెక్క కంటే మేలైన ముడిసరుకు. దానికి మొదటి కారణం ధర కాదు, నీరు.

చెక్క ఎండిపోయినట్టు కనిపించినా దానిలో నీరు ఎప్పుడూ ఉంటుంది. పచ్చి మానులో నీరు రెండు చోట్ల ఉంటుంది: గొట్టాల్లాంటి కణాల బోలులో, ఆ కణాల గోడల్లో. చెట్టు కొట్టాక ముందు బోలులోని నీరు పోతుంది. అప్పుడు చెక్క తేలికవుతుందే తప్ప పరిమాణం మారదు. పొడి చెక్క బరువుతో పోలిస్తే నీరు సుమారు 30 శాతానికి దిగాక కణాల గోడలు ఆరడం మొదలవుతుంది. కుదించుకుపోవడం, వంకర తిరగడం, బీటలివ్వడం అన్నీ అక్కడినుంచే. ఆ ఆరడమూ ఒకచోట ఆగి స్థిరపడదు. గాలిలో తేమ పెరిగితే చెక్క మళ్ళీ నీటిని పీలుస్తుంది, తగ్గితే వదులుతుంది. గాలిలో తేమ 30 శాతం ఉండే వేసవి మధ్యాహ్నాల్లో చెక్కలోని నీరు 6 శాతం వైపు దిగుతుంది. తేమ 85 శాతం ఉండే శ్రావణంలో 17 శాతం వైపు ఎక్కుతుంది. సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద ఉన్న బస్తర్ ముఖ్యపట్టణం జగదల్‌పూర్‌లో ఏటా 1,400 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. అంటే అక్కడి గోడమీద చెక్క ఏడాదికోసారి ఈ రెండు కొసల మధ్య ఊగాల్సిందే.

ఈ ఊగిసలాట ఎంతో కొలిచి చూస్తే గాని దాని బలం తెలియదు. టేకుకు చాలా నిలకడైన చెక్కగా పేరుంది. పచ్చి స్థితినుంచి పూర్తిగా ఆరేసరికి, మాను చుట్టుకొలత దిశలో అది 5.8 శాతం కుదించుకుపోతుంది. మధ్యనుంచి అంచుకు పోయే దిశలో 2.5 శాతమే, నిలువునా అయితే లెక్కలోకి రానంత తక్కువ. 20 సెంటీమీటర్ల వెడల్పున్న టేకు పలక 6 నుంచి 17 శాతం దాకా తేమ పీలిస్తే వెడల్పులో 4 మిల్లీమీటర్లు పెరగాలి. చెక్క నెమ్మదిగా పీలుస్తుంది, పీల్చేలోగా రుతువు మారుతుంది గనక నిజానికి రెండు మూడు మిల్లీమీటర్లతో సరిపెట్టుకుంటుంది. అదే పలక పొడవు 60 సెంటీమీటర్లున్నా అటువైపు మార్పు అర మిల్లీమీటరు కూడా ఉండదు. వానాకాలంలో తలుపు బిగుసుకునేది వెడల్పులోనే, ఎత్తులో కాదు, ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. ఒకే పలక ఒక దిశలో కదులుతూ ఇంకో దిశలో కదలకపోవడమే వడ్రంగం పని మొత్తానికి మూలసమస్య.

బస్తర్ అడవికి ప్రాణం సాల వృక్షం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం కూడా అదే. మనవాళ్ళు దాన్ని గుగ్గిలం చెట్టు అంటారు, ధూపం వేసే గుగ్గిలం దాని బంకే. తెలుగు నేలమీద శ్రీకాకుళం, విశాఖ మన్యాల్లో తప్ప అది పెద్దగా కనిపించదు. భోపాలపట్నం, కొంటా వైపు, తెలుగు మాట ఇళ్ళలో వినిపించే దక్షిణ బస్తర్‌లో, టేకు ఎక్కువ. సాల చెక్క టేకు కంటే బాగా బరువు, బాగా గట్టి, మాను నడిమి చేవభాగం ఎన్నేళ్ళయినా మన్నుతుంది. కానీ దాన్ని ఆరబెట్టడం చాలా కష్టం. పైపొర ఆరి బిగుసుకుంటుంది, లోపల నీరు అలాగే ఉంటుంది, ఆ ఈడ్పులాటలో పైన సన్న బీటలు, కొసల్లో పెద్ద పగుళ్ళు వస్తాయి. అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగుల పాత లెక్క ఉంది, సాలకు అదైనా చాలకపోవచ్చు. ఇంత ఓపిక కలప అమ్మేవాడికీ ఉండదు, కొనేవాడికీ ఉండదు. అదే సాల చెక్క ఒక ఇంటి ద్వారబంధంగా నలభై వర్షాకాలాలు, నలభై వేసవులు చూసి ఉంటే? పగలాల్సిన చోట ఎప్పుడో పగిలింది. తిరగాల్సిన వంకర తిరిగేసింది. కోతలో, ఆరుదలలో దానిలో బిగుసుకున్న లోపలి ఒత్తిళ్ళు ఏళ్ళ తరబడి ఉబ్బి కుదించుకుని సడలాయి. అది ఇకమీదటా ఊగుతుంది, కాని ఎంత ఊగుతుందో, ఎటు ఊగుతుందో మన కంటికి కనిపిస్తుంది. కొత్త పలక తన లోపాలను రాబోయే మూడేళ్ళ కోసం దాచుకుంటుంది.

ఇక్కడ ఒక గీత గీయాలి. తుక్కంతా పాతది కాదు. కోత మిల్లు బయట పడి ఉండే అంచు పలకలు, చెక్క బొమ్మలు చేసేచోట మిగిలే ముక్కలు తుక్కే గాని, వాటిలో నిన్నమొన్నటి పచ్చి చెక్క ఉండొచ్చు. పైన చెప్పిన వాదన వాటికి వర్తించదు. తేడా తెలుసుకోవడానికి వంటింటి తూకం చాలు. పలక కొసనుంచి కాకుండా మధ్యనుంచి అరచేయంత ముక్క కోసి తూచాలి. స్టాండు ఏ గదిలో ఉండబోతోందో ఆ గదిలోనే, గాలి ఆడేచోట పెట్టి రోజూ తూస్తూ పోవాలి. 200 గ్రాముల ముక్క రోజుకు రెండు మూడు గ్రాములు తగ్గుతూ పోతుంటే అది ఇంకా ఆరుతోంది, దాన్ని ముట్టుకోకూడదు. వారం తిరిగినా గ్రాము అటూ ఇటూ మారకపోతే ఆ చెక్క ఆ గది గాలితో సర్దుకుంది. తేమ కొలిచే మీటరు ఉన్నా ఈ పరీక్ష తప్పదు, ఎందుకంటే మీటరు ఆ క్షణాన ఉన్న తేమను చెబుతుంది, తూకం అది ఎటు పోతోందో చెబుతుంది.

దీనికి బస్తర్ మనిషి వెంటనే వేయగల ప్రశ్న ఒకటుంది. బస్తర్ దసరాకు ఏటా కొత్త రథం కడతారు గదా, అదీ కొత్తగా కొట్టిన సాల లాంటి కలపతోనే! ఆ వేడుక 75 రోజులది. హరేలీ పండగ అమావాస్య నాడు పాట్ జాత్రా అనే తంతుతో తొలి దుంగకు పూజ జరుగుతుంది, బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాల పనివాళ్ళు రథం కడతారు, మనం విస్తరాకులు కుట్టుకునే అడ్డాకు తీగ నార పేనిన మోకులతో వందలమంది దాన్ని లాగుతారు. ఓరుగల్లునుంచి వెళ్ళి బస్తర్‌లో రాజ్యం స్థాపించిన కాకతీయ అన్నమదేవుడి వంశం పోషించిన వేడుక గనక తెలుగువాళ్ళకు దానితో చుట్టరికం ఉంది. పచ్చి చెక్క అంత బరువు మోస్తుంటే తాళాల స్టాండుకు ఎండిన చెక్కే కావాలా? ప్రశ్న న్యాయమైనదే. జవాబు రథం స్వభావంలో ఉంది. దానికి కావలసింది కొద్ది రోజుల పాటు బలం, పచ్చిదైనా సాలలో ఆ బలం పుష్కలంగా ఉంది. అడుగుల లెక్కన ఉండే దూలాల్లో నాలుగు మిల్లీమీటర్ల తేడా ఎవరికీ అడ్డం రాదు, కట్టు వదులైతే బిగిస్తారు, పండగయ్యాక విప్పేస్తారు. పచ్చి చెక్క ఉలికి మెత్తగా లొంగుతుంది గనక కొద్ది వారాల్లో పని తెమలడానికి అది అనుకూలం కూడా. స్టాండు సంగతి తలకిందులు. మోసే బరువు స్వల్పం, ఉండాల్సిన కాలం దీర్ఘం, కదలడానికి వీల్లేని గోడకు అది స్క్రూలతో బందీ అయి ఉంటుంది. ఆ చిన్న వస్తువును పాడుచేసేది బరువు కాదు, కదలిక.

పాతబడితే బలం తగ్గదా అన్నది తర్వాతి అనుమానం. ఈ విషయంలో అందరూ ఉదహరించే పరిశోధన జపాన్‌లో నారా దగ్గరి హోర్యూజీ ఆలయానిది. సుమారు 1,300 ఏళ్ళనాటి ఆ కట్టడంలోని హినోకి చెక్కను కొహారా జిరో పరీక్షించి, దాని బలం మొదటి రెండు మూడు వందల ఏళ్ళలో కొంత పెరిగి, ఆ తర్వాతే మెల్లగా తగ్గిందని చూపించారు. ఆ ఫలితాన్ని పట్టుకుని పాత చెక్కంతా కొత్తదానికన్నా బలమైనదనడం మాత్రం తొందరపాటు. హినోకి దేవదారు తరహా చెట్టు. వెడల్పాటి ఆకుల జాతికి చెందిన కెయాకి చెక్క అంతకంటే త్వరగా బలం కోల్పోతుందని కూడా ఆ పరిశోధనే చెప్పింది, మన సాల, టేకు ఆ రెండో తరహావి. పైగా పాత చెక్కకు దెబ్బ తట్టుకునే గుణం కొంత తగ్గుతుంది. అయినా మనం మాట్లాడుతున్నది నలభై, అరవై ఏళ్ళ చెక్క గురించి, వానకు తడవని ఇంటిపట్టున ఉన్నదాని గురించి. మోయాల్సింది ఎనిమిది పది కిలోలు. సాల పలకకు ఆ బరువు లెక్కే కాదు. చెక్కను నిజంగా చంపేవి వయసు కాదు, తడి, బూజు, పురుగు.

పురుగు మాటకొస్తే తెలుగులో ఒక గొప్ప పదం ఉంది, చేవ. మాను నడుమ ముదురు రంగులో ఉండే భాగం అది. మనిషిలో సత్తువకూ ఆ పేరే పెట్టుకున్నాం. దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కలో చెట్టు తన పిండిపదార్థాన్ని నిలవచేసుకుంటుంది. చెక్కను పిండిలా రాల్చే చిన్న పెంకుపురుగుల పిల్లలు బతికేది ఆ పిండిపదార్థం మీదే. చేవలో అది ఉండదు, పైగా పురుగుకూ బూజుకూ గిట్టని పదార్థాలుంటాయి. ఆ పురుగు దాడి కూడా ఎక్కువగా చెట్టు కొట్టిన తొలి కొద్ది సంవత్సరాల్లోనే జరుగుతుంది. ఆ గండం గడిచిన ముక్కలో తెల్ల చెక్క ఎక్కడెక్కడ తినేసి ఉందో స్పష్టంగా తెలుస్తుంది, అంతమేర కోసి పారేయవచ్చు. కొత్త పలక అంచున అదే తెల్ల చెక్క చక్కగా, నున్నగా ఉండి మోసం చేస్తుంది. పాత ముక్కను నల్ల కాగితం మీద పెట్టి సుత్తి పిడితో నాలుగుసార్లు తట్టాలి. ముఖానికి రాసుకునే పౌడరంత సన్నని పిండి రాలి, రంధ్రాల లోపలి అంచులు లేత రంగులో మెరుస్తుంటే పురుగు ఇంకా లోపలుంది. రంధ్రాలు లోపలదాకా నల్లబడి, పిండి రాలకపోతే అవి పాత గాయాలు. మామిడి చెక్కకు మాత్రం ఈ ధీమా లేదు. దానికి చెప్పుకోదగ్గ చేవ లేదు గనక ఎంత పాతదైనా బోరాక్సు, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాకే ఇంట్లోకి తేవాలి. ఆ మందు వానకు కరిగిపోతుంది, ఇంటిలోపల వాడే చెక్కకు సరిపోతుంది. చెదలకు ఇంకో ఉపాయం ఉంది, బిగించే దగ్గర చెబుతాను.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం విషానిది. పాత తలుపు మీద పొరలు పొరలుగా ఉన్న రంగులో సీసం ఉండొచ్చు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి మాత్రమే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగు పూసిన చెక్కను ఉప్పుకాగితంతో పొడి పొడిగా రుద్దితే ఆ ధూళి పిల్లల ఒంట్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడుకు చేసే హానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదు. కాబట్టి రంగు ఉన్న ముక్కను పక్కన పెట్టడమే మొదటి సలహా. తప్పనిసరైతే ఆరుబయట, తడిపి, గీకి, ఆ చెత్తను కాల్చకుండా మూటగట్టి పారేయాలి. తారులాంటి వాసన కొట్టే పాత రైలు స్లీపర్లను ఎంత గట్టిగా ఉన్నా ఇంట్లోకి రానివ్వకూడదు, అవి క్రియోసోట్ అనే విషపు మందు తాగినవి. యంత్రాలు దిగుమతయ్యే పైన్ పెట్టెల మీద గోధుమకంకి గుర్తు పక్కన రెండక్షరాలుంటాయి. హెచ్.టి. అని ఉంటే చెక్క నడిమధ్య 56 డిగ్రీల వేడిని కనీసం అరగంట చూసిందని అర్థం, వాడుకోవచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో పొగబెట్టినది, వద్దు. పాత చెక్క మేలన్న వాదనకు ఇవన్నీ నిజమైన హద్దులు. చరిత్ర తెలియని ముక్కకన్నా కొత్త పలకే నయం.

ప్లైవుడ్ మాటేమిటి అంటే, కదలిక విషయంలో అది దేనికన్నా నిలకడైనదే, పొరలను అడ్డంగా నిలువుగా అతికించడం అందుకే. తుక్కు ప్లైవుడ్ దొరికితే వాడుకోవచ్చు. రంపపు పొట్టు అట్టలు మాత్రం బస్తర్ వానాకాలానికి అంచుల్లో ఉబ్బి, స్క్రూను వదిలేస్తాయి. కొత్త సాల, టేకు సంగతికి వస్తే అక్కడ అది ఒట్టి సరుకు కాదు. 1970లలో సాల అడవిని కొట్టి పైన్ తోటలు వేయాలన్న ప్రయత్నాన్ని ఆదివాసులు ఎదిరించి ఆపారు. 1990లలో మాలిక్ మక్బూజా పేరుతో, ఆదివాసుల సొంత పొలాల్లోని చెట్లను కారుచౌకగా రాయించుకుని నరికిన కుంభకోణం బయటపడింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, కేంద్రం ఆమోదించిన ప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు కొట్టరాదని ఆదేశించింది. ఒక స్టాండు వల్ల అడవి మిగలదు, నిజమే. నాలుగు కిలోల పొడి చెక్కలో కార్బన్ రెండు కిలోలు, పొయ్యిలో పెడితే అది ఏడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, అంతే. ఆ పొయ్యికి ఆ ముక్క బదులు అడవినుంచి ఎండుపుల్ల తెస్తే ఆ లెక్క కూడా చెల్లిపోతుంది. అందుకే నా వాదనను పర్యావరణం మీద నిలబెట్టడం లేదు. చేవగల పలకను చితుకులతో సమానంగా కాల్చేయడం పదార్థాన్ని తెలియకపోవడం, అంతవరకు చెప్పగలను.

ఇక చేయడం. ఈ పనిలో తెలివంతా రెండు చోట్లే ఖర్చవుతుంది, స్క్రూ దగ్గర, గోడ దగ్గర. కొక్కేలకు, అరకు కలిపి 8 కిలోలు పడుతుందనుకుందాం, ఆ బరువు గోడకు 10 సెంటీమీటర్ల ముందుకు వేలాడుతుంది. పలక తన కింది అంచు మీద ఆని ముందుకు పడిపోవాలని చూస్తుంది, పై స్క్రూ దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. కింది అంచునుంచి పై స్క్రూ 20 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే దాని మీద లాగుడు 4 కిలోలే. 5 సెంటీమీటర్ల సన్నని పట్టీ అయితే అదే లాగుడు 16 కిలోలు. సంచిని ఒక్కసారిగా తగిలిస్తే ఇంకా రెట్టింపు. పట్టీ కన్నా వెడల్పు పలక మేలన్నది ఈ లెక్క, వెడల్పు పలక ఎక్కువ ఊగుతుందన్నది ముందటి లెక్క. రెండింటినీ కలిపేది ఒక చిన్న ఉపాయం. పై వరుస స్క్రూలకు గుండ్రటి రంధ్రాలు, కింది వరుసకు నిలువుగా సాగిన రంధ్రాలు పెట్టాలి. పలక ఉబ్బితే కిందికి జారుతుంది, పగలదు. రెండు మూడు ముక్కలు కలిపి వెడల్పు చేసుకుంటే వాటిని ఒకదానికొకటి జిగురుతో అతకకుండా మధ్యలో రెండు మిల్లీమీటర్ల సందు వదలాలి, వెనక అడ్డపట్టీకి ఒక్కో ముక్కను దాని నడుమన ఒక్క వరుసలోనే బిగించాలి. సాల, టేకు, పైన్ ఒకే పలకలో కలిసినప్పుడు ఇది మరీ ముఖ్యం, మూడూ మూడు రకాలుగా ఉబ్బుతాయి. సాలలోకి స్క్రూను నేరుగా తిప్పితే తల తెగుతుంది, ముందుగా సన్న రంధ్రం వేసి స్క్రూ మరలకు కాస్త సబ్బు రాయాలి. కొక్కేలను చెక్కతోనే చేస్తే పోగులు కొయ్య పొడవునా పోవాలి, అడ్డంగా కోసిన కొయ్యకు నిలువు బలంలో చిన్న వంతే ఉంటుంది. చిలక్కొయ్య చెక్కినవాడికి ఇది లెక్కలతో పనిలేకుండా తెలుసు.

ఇటుక గోడలో ప్లగ్గు పైపూత దాటి ఇటుకలోకి దిగాలి, పూతలో దానికి పట్టు ఉండదు. బస్తర్ పల్లెల్లోని మట్టిగోడలో ప్లగ్గు అసలు పనికిరాదు, అక్కడ గోడలోని గుంజకో ద్వారబంధానికో పలకను బిగించాలి. గోడ ఏదైనా సరే, పలక వెనక ఒక్కో స్క్రూ దగ్గర చెక్కది కాని చిన్న బిళ్ళ పెట్టి సెంటీమీటరు ఖాళీ వదలాలి. గాలి ఆడి తడి నిలవదు. చెదలు గోడలోంచి నేరుగా చెక్కలోకి దూరలేవు, ఆ ఖాళీని దాటాలంటే కంటికి కనిపించే మట్టిగొట్టం కట్టుకోవాల్సిందే. చెక్క మీద పైపూతకు ఊళ్ళో సులువుగా దొరికే మహువా, అంటే ఇప్ప, నూనె వాడాలనిపిస్తుంది. అది ఎన్నాళ్ళయినా ఆరని నూనె, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పలచటి గట్టి పొరగా మారుతుంది. అలా మారేటప్పుడు వేడి పుడుతుంది గనక ఆ నూనెగుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే దానంతటదే అంటుకోగలదు, పరిచి ఆరేయాలి. స్పిరిట్‌లో కరిగించిన లక్క కూడా మంచిదే, లక్క ఛత్తీస్‌గఢ్ అడవుల పంటే. ఇనుప కొక్కేలు కావాలంటే కొండగావ్ వైపు కమ్మరులు తుక్కు ఇనుముతోనే చేస్తారు, ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇనుము, తడి, చెక్కలోని వగరు పదార్థం కలిస్తే నల్ల మరక పడుతుంది, అందుకని కొక్కెం కూర్చునే చోట లక్క రెండు పూతలు ముందే వేయాలి. బిగించడానికి కార్తీకం మంచి అదను, చెక్కలో నీరు అప్పుడు రెండు కొసలకు మధ్యన ఉంటుంది. మొదటి ఏడాది భాద్రపదంలో ఒకసారి టార్చి వేసి పలక వెనక మట్టిగొట్టాల కోసం చూసి, వైశాఖంలో ఒకసారి స్క్రూలను సగం చుట్టు బిగించి వదలాలి.